ఖర్జూరపు మట్టల గ్యాస్

కువైట్‌లోని అల్ రాయ్‌లో ఒక వర్క్‌షాపులో నేను పైపు ఫిట్టర్‌ని. మాది రాయచోటి. ఒక చలికాలం నన్నూ, మా వెల్డర్ అన్ననూ ఎడారిలోని పరిశోధనా కేంద్రానికి పంపారు. అన్నది కోనసీమ. దారంతా నవ్విస్తూనే ఉన్నాడు.

అక్కడి కువైటీ ఇంజనీరమ్మ హిందీ, అరబ్బీ కలిపి పని చెప్పింది. ఎప్పుడో చమురు కోసం తవ్విన బావిలో వేడినీళ్లు పడ్డాయట. భూమి కాచిన ఆ నీళ్లను ఒక ట్యాంకు చుట్టూ పైపుల్లో తిప్పాలి. లోపల ఖర్జూరపు మట్టల ముక్కలు, పేడ కలిపి నానబెట్టారు. వెచ్చగా ఉంచితే అవి కుళ్లి గ్యాస్ ఇస్తాయి.

"కింద ఇంత పెట్రోలు పెట్టుకుని ఆకులతో గ్యాసేంటండీ బాబూ!" అన్నాడు అన్న. నేను హిందీలో చెబితే ఆమె పకపకా నవ్వింది.

"పెట్రోలు ఒకనాటికి అయిపోతుంది. మట్టలు ఏటా వస్తాయి."

పైపులు చుట్టి, నీళ్లు వదిలాం. కొన్ని వారాలు బాగానే ఉంది. తర్వాత ట్యాంకు చల్లబడింది. "లోపలి సూక్ష్మజీవులు చచ్చిపోయినట్టున్నాయి. ఖలాస్," అందామె నీరసంగా. తప్పు నా పనిలోనే ఉందేమోనని నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, వేడి పోకుండా పైపుల మీద కప్పిన దూది ఊడదీసి పైపును తడిమాను. మొదటి చుట్టు దగ్గర చెయ్యి కాలింది. మూడోది గోరువెచ్చన. అయిదోది చల్లన.

"అన్నా, పైపు మూసకపోయింది. ఈడ కొయ్యి," అన్నాను.

కోసి చూస్తే లోపల ఆ నీళ్లలోంచి పేరుకున్న తెల్లటి సున్నపు పెచ్చు, వేలు కూడా దూరనంతగా! ఇంజనీరమ్మ నా చేతికి పెన్సిలు, కాగితం ఇచ్చి, "ఏం చేద్దామో గీసి చూపించు," అంది. పద్నాలుగేళ్లుగా ఇతరుల బొమ్మలు చూసి పైపులు బిగించినవాణ్ణి, నన్ను బొమ్మ గీయమన్నవాళ్లు లేరు. చుట్లు తీసేసి, రెండు చివర్లా మూతలు విప్పి గీకడానికి వీలుగా తిన్నని పైపులు గీశాను. ఆమె ఒక్క కొలత మాత్రం దిద్ది, "యల్లా, మొదలుపెట్టండి," అంది.

కొత్త పైపులు బిగించిన మూడు వారాలకు గ్యాస్ గేజీ ముల్లు కదిలింది. ఆ గ్యాస్‌కు తగిలించిన పొయ్యిని ఇంజనీరమ్మ నన్నే వెలిగించమంది. నీలం మంట చూసి అన్న ఈల వేశాడు. వెంటనే దాని మీదే టీ పెట్టాడు.

"ఖర్జూరపు ఆకు వాసన రావట్లేదు కదండీ?" అని అందరినీ పేరుపేరునా అడిగాడు.

ఇప్పుడక్కడ రెండో ట్యాంకు కడుతున్నారు. దాని పైపుల బొమ్మ కూడా నాదే.