ఓబులేసు గుర్తురాయి

రాతిపొడికి నెరిసినట్టుండే కనుబొమ్మలు ఓబులేసువి. కడపలో బండలు కోసే పని. సముద్రం చూడకుండానే భార్య పోయాక, ఏటా సెలవు పెట్టి తీరం వెంబడి కొంత కొంత దూరం నడిచేవాడు. ఆగిన చోట కడప బండముక్కను ఇసుకలో నిలబెట్టి వచ్చేవాడు. మరుసటేడు దాన్ని పెరికి, సంచిలో వేసుకుని అక్కణ్ణుంచే సాగేవాడు. అది దొరక్కపోతే మళ్లీ మొదటి నుంచి నడవాలని తనకు తానే పెట్టుకున్న కట్టుబాటు.

మోకాళ్లు పట్టేసిన ఏడు, రాయి ఎంత వెతికినా కనపడలేదు. చివరికి ఒకచోట పసుపు, కుంకుమ, పూలదండతో కనపడింది.

"ఎత్తబాకయ్యా, మా గంగమ్మ!" అని అరిచింది చేపలు ఎండబెడుతున్నావిడ.

"నా గుర్తును దేవతను చేస్తిరి కదమ్మా!" ఓబులేసు నవ్వుతూ ఇసుకలో కూలబడ్డాడు. "ఉండనీలే. ఆమెకు ఈడ సముద్రం బాగా కనపడతాది."

ఖాళీ సంచి ఊపుకుంటూ ముందుకు నడిచాడు.