గోడవైపు తిరిగిన మామిడికాయ

1963 ఏప్రిల్ నెల. ధర్మవరంలో మగ్గాల వీధి మొదట్లో ఒక ఇంటి వసారాలో మా బాలవాడి నడిచేది. బాలవాడి అంటే బడి వయసు రాని పిల్లలను పగటిపూట కనిపెట్టుకుని, ఆటపాటలు నేర్పే చోటు. మూడేళ్ల నుంచి ఐదేళ్ల దాకా ఇరవైరెండు మంది పిల్లలు, వాళ్లకు అన్నం పెట్టే ఆయమ్మ, నేను. పెనుకొండ నుంచి వచ్చి ఏడాది కాలేదు. నాకు ఇరవైమూడేళ్లు. ముక్కు మీద కోపం, ట్రైనింగు అయింది కాబట్టి పిల్లల గురించి నాకు తెలియంది లేదన్న ధీమా, రెండూ దండిగా ఉండేవి.

ఎండాకాలం వస్తే మా పని కష్టమయ్యేది. పొద్దున పది దాటితే పిల్లలను బయటికి వదల్లేం. అందుకని గోడ అలంకరణ పెట్టుకునేవాళ్లం. దాన్ని ఫ్రీజ్ అనేవారు. గోడ పొడుగునా ఒక కాగితపు పట్టీ అంటించి, దాని మీద పిల్లలు చేసిన బొమ్మలు వరసగా అతికించడం. అది పెద్దవాళ్ల కంటికి కాదు, పిల్లల కంటికి ఎదురుగా ఉండాలి. మేము చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. ఆ ఏడు మా పట్టీ పేరు ఎండాకాలం. సూర్యుడు, మామిడికాయ, నీళ్లకుండ, విసనకర్ర. రంగు కాగితాలు యాడ దొరుకుతాయి ఆ రోజుల్లో? పాత పేపర్లకు పసుపు, ఇటుక పొడి, బొగ్గు పూసేవాళ్లం. చింతగింజలు ఉడికించి జిగురు చేసుకునేవాళ్లం. పక్క ఇళ్ల వాళ్లు పనికిరాని పట్టుపోగులు ఇచ్చేవాళ్లు.

ఆ పిల్లల్లో ఓబుళమ్మ అని ఒక పాప. ఐదేళ్లు నిండాయి. నోరు విప్పి మాట్లాడేది కాదు. పసుపు పూసిన కాగితపు మామిడికాయ చేతికిస్తే, పసుపు పక్కకు జిగురు రాసి గోడకు అంటించేది. పేపరు అచ్చు మాత్రం బయటికి కనపడేది. ఒకసారి చెప్పాను, రెండుసార్లు చెప్పాను. మూడోసారి కూడా అదే పని చేస్తే నెత్తిన ఒక మొట్టికాయ వేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెయ్యి నాకే పరాయిదనిపిస్తుంది.

ఆ నెలాఖరుకు నేనొక పని చేయాలి. ఐదేళ్లు నిండిన ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు రాసి ప్రాథమిక పాఠశాలకు ఇవ్వాలి. మా రాతను బట్టే హెడ్మాస్టరు ఒకటో తరగతిలోకి తీసుకునేవారు. ఓబుళమ్మ కాగితం మీద పెన్సిలుతో 'ఇంకో ఏడాది ఆగాలి' అని రాసి పెట్టాను. ఆగడమంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ల నాయన నాగప్ప నాతో ముందే చెప్పి ఉన్నాడు.

"మీరు బడికి పంపమంటే పంపుతా టీచరమ్మా. లేదంటే ఇంట్లోనే పెట్టుకుంటా. కండెలకు పోగు చుట్టేదానికి చెయ్యి కావల్ల మాకు."

ఒకసారి కండెల దగ్గర కూర్చున్న ఆడపిల్ల మళ్లీ లేచి బడికి రాదు. అది తెలిసీ రాశాను. పైగా న్యాయంగానే రాశాననుకున్నాను.

ఆఖరి వారంలో లేసింగ్ కార్డులు చేయించాను. అంటే అట్టముక్క మీద బొమ్మ చుట్టూ బెజ్జాలు వేసి ఇస్తే, పిల్లలు వాటిలోంచి దారం దూర్చి బొమ్మ తేవడం. సూది ఉండదు, దారం కొసకు మైనం పూస్తాం. పాత క్యాలెండర్ అట్టలు కోసి అందరికీ మామిడికాయ ఇచ్చాను. ఓబుళమ్మ మూలకు పోయి, అట్టను బోర్లా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రెండు రోజులు తల ఎత్తలేదు. మూడో రోజు గోడకు అంటించి వచ్చి తన చోట కూర్చుంది.

పోయి చూస్తే ముడులు, వేలాడే పోగులు, ఒకదాని మీద ఒకటి పడిన కొసలు. పిల్లలు పకపకా నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాన్ని పీకబోయాను.

"పీకద్దు టీచరమ్మా!"

ఎవరిదా గొంతు అని చుట్టూ చూశాను. ఓబుళమ్మది. నెలల తరబడి నేను వినని గొంతు.

"మెల్లింగా తీయి. నాలుగు మూలలకే జిగురు పెట్నా."

మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా తీసి తిప్పాను. మామిడికాయ. నేను వేసిన బెజ్జాలు చాలక లోపలంతా తనే తుమ్మముల్లుతో బెజ్జాలు పొడుచుకుంది. తొడిమ దగ్గర పచ్చ, కిందికి వచ్చేకొద్దీ పసుపు, బుగ్గ మీద చిన్న ఎర్ర జీర. ఒక్క పోగు వదులు లేదు, ఒక్క పోగు బిగువు లేదు. ఐదేళ్ల వేళ్లు చేసిన పని! అదీ అట్టను బోర్లా పెట్టుకుని, ఒక్కసారైనా తిప్పి చూసుకోకుండా.

"ఇంత బాగా చేసి గోడకు తిప్పి ఎందుకు పెట్టినావే?"

అదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"బొమ్మ కిందనే కదా ఉండేది?"

నాకేమీ అర్థం కాలేదు. ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే వాళ్లింటికి పోయాను. నాగప్ప గుంత మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు, పక్కన వాళ్ల ముసలమ్మ కండె చుడుతోంది. జరిగింది చెబితే పెద్దగా నవ్వాడు.

"మా మగ్గం మీద అంతే టీచరమ్మా. చీర బోర్లా నేస్తాము. బుటా, అదే బొమ్మ, కిందికి పడతాది, మా కండ్లకు కనపడేది పోగులూ కొసలే. ఈడికొచ్చి చూడండి."

మగ్గం మీద ఎర్రచీర, దాని నిండా పిచ్చిపిచ్చిగా జరీ కొసలు. ఓబుళమ్మ ఒక అరచేతి అద్దం తెచ్చి ఆ బట్ట కిందికి జరిపింది. వంగి చూశాను. అద్దంలో బంగారు మామిడి పిందెలు, వరసకు వరస. ఆయన రోజంతా చేతులతో చేస్తూ కళ్లతో చూడనిది అదంతా. ఏం మనుషులు వీళ్లు అనుకున్నాను.

"నాయనా, ఈడ ఒక పోగు తప్పినాది," అంది ఓబుళమ్మ.

నేనెంత చూసినా కనపడలేదు. నాగప్ప అద్దంలోకి వంగి, తల ఊపి, నేసిన నాలుగు పోగులు వెనక్కి తీశాడు.

"ఏడాది నుంచి తప్పు పట్టేది ఈ పాపే. మా అమ్మకు కండ్లు ఆనవు, నాకు ఇంత సన్నం కనపడదు. అందుకే అడుగుతాండా టీచరమ్మా, ఇట్లాంటి కన్నుండే బిడ్డను బడికి పంపి నేనేం చేసుకోవల్ల?"

మందబుద్ధి అని నేను తోసిపుచ్చబోయిన పిల్లను, పనిమంతురాలని ఆయన పట్టుకున్నాడు. ఏ దారిన చూసినా బడి పోతుంది. సంచీలోంచి ఆ కాగితం తీసి, పెన్సిలు రాత చెరిపేసి, అక్కడే గడప మీద కూర్చుని ఇంకుతో రాశాను. నాగప్పకు చదువు రాదు. చదివి వినిపించమన్నాడు. చదివాను.

"ఈ పాప తప్పిన పోగును ఒక్క చూపులో పడుతుంది. ఈమెకు బుద్ధి చాలదనుకోవడం నా తప్పు. ఇన్ని నెలలు దగ్గరగా ఉండి కూడా ఈమెను నేను చూడలేదు. ఒకటో తరగతికి తప్పక తీసుకోవాలి."

నాగప్ప మగ్గం ఆపేశాడు.

"ఇంకోసారి సదవండి."

మళ్లీ చదివాను. ఆయన కాసేపు కూతురి వైపు చూశాడు.

"మీ తప్పు మీరే రాసుకుంటిరే! హెడ్మాస్టరు ఏమనుకుంటాడో?"

"ఏమైనా అనుకోనీ అప్పా. తప్పింది కదా."

"తప్పింటే వెనక్కి తీయాల్సిందే," అన్నాడు. పక్కన కూర్చున్న ముసలమ్మ వైపు తిరిగి, "అమ్మా, బడి లేనప్పుడు పట్టనీలే అద్దం. మిగతా పొద్దు నేనే వంగి చూసుకుంటా," అన్నాడు. జూన్‌లో ఓబుళమ్మ పలకతో ఒకటో తరగతికి పోయింది.

ఆ తర్వాత హిందూపురంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ చాలా ఏళ్లు ఇదే పని చేశాను. ఎంతమంది పిల్లల గురించి రాశానో లెక్క లేదు. ఒక్కటి మాత్రం తప్పలేదు. ఆ పిల్ల ఇంటికి పోయి, వాళ్ల నాయనా అమ్మా పని చేసే చోట కాసేపు కూర్చుని చూడకుండా ఎవరి కాగితం మీదా కలం పెట్టలేదు. ఆ రోజు నేను చేసిన మంచి ఏమీ లేదు. గొంతు లేదనుకున్న పిల్ల నోరు తెరిచి 'పీకద్దు' అంది, నేను ఆగాను. అంతే. ఆగకుండా పీకేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు భయమేస్తుంది.