మా ఇష్టమని రాసిన కాగితం

నేను ఐదో తరగతితోనే ఆపేశాను. రాత బాగుండదు, అక్షరాలు తప్పులు పోతే ఏమనుకోకండి.

తార్నాక దగ్గర యూనివర్సిటీ మెస్‌లో రొట్టెలు చేసేదాన్ని. పనిలోంచి తీసేస్తే రెండు నెలల జీతం ఇస్తామని మా కాంట్రాక్టులో ఉంది. కాంట్రాక్టరు మారినప్పుడు మెస్‌లో పనిచేసే మా ఆడవాళ్లందరినీ తీసేశారు. సూపర్‌వైజరేమో మా ఇష్టంతోనే మానేస్తున్నామని రాసిన కాగితం తెచ్చాడు.

"సంతకం పెట్టక్కా. కొత్తాయన దగ్గర రేపే పనిప్పిస్త."

"తీసేసేది మీరు, ఇష్టం నాదా తమ్మీ?" అన్నాను.

"అందరు పెట్టిన్రు."

"ఏడ పెట్టిన్రు? గీడనే ఉన్నం, కనవడ్తలేమా?" అంది నా వెనకున్న కూరలు తరిగే వదిన.

ఎవరమూ పెట్టలేదు. కలిసి లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగాం, ఆఖరికి అందరికీ డబ్బు వచ్చింది. ఆ రోజు మల్కాజ్‌గిరి బస్సులో ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాం.

రాసినదాంట్లో తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి.