నా చదువు చాటున అవ్వ

2009లో నేను కామారెడ్డిలో డిగ్రీలో చేరి సైకాలజీ తీసుకున్నాను. ఆ ఏడే మా నాయనమ్మ కంట్లో శుక్లం బయటపడింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఉందని మా ఇంట్లో ఐదేళ్లు నమ్మారు.

"నా మనుమరాలు డాక్టర్ సదువుతున్నది. దానితోనే ఆపరేషన్ చేపిచ్చుకుంట," అని అవ్వ ఎల్లారెడ్డిలో మా వాడకట్టంతా చెప్పుకొచ్చింది. కంటి శిబిరం వాళ్లు వస్తే కుర్చీలేసి, చాయ్ పోసి, సాగనంపింది.

నాకు ఒళ్లు మండేది. సెలవులకు వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి చెప్పేదాన్ని. కన్ను కోయాలంటే ముందు ఎంబీబీఎస్ చదవాలి, తర్వాత ఆస్పత్రిలో హౌస్ సర్జన్‌గా చాకిరీ చేయాలి, ఆపైన కళ్ల పీజీ చేయాలి. నాది డిగ్రీ, పీజీ, ఎంఫిల్. అన్నీ అయ్యాక కూడా నేను మనుషులతో మాట్లాడతానంతే. కత్తి పట్టను, మాత్ర రాయను.

"మాట్లాడనీకి గన్నేండ్లా?" అని అవ్వ నోరు తెరిచింది.

మా నాన్నను బాపు అంటాం. బాపుకు ఏదైనా బస్సు లెక్కలో చెబితేనే అర్థమవుతుంది. "మన ఎల్లారెడ్డిల బస్సెక్కితే, డిగ్రీ అంటే లింగంపేట దాటినట్టు. పీజీ అంటే తాడ్వాయి. కామారెడ్డిల దిగితే డాక్టరే," అన్నాడు.

"నా బస్సు ఆ ఊరికే పోదు బాపూ."

"మరెందుకెక్కినవ్?"

అప్పటి నుంచి నేను గడప తొక్కగానే అవ్వ "ఇంకెన్నేండ్లు?" అని అడిగేది. ఇంకా ఉందంటే ముఖం విప్పారేది. మనసుల చదువు చదువుతున్న నాకు అనుమానమే రాలేదు. చివరికి ఒకరోజు నన్నే చూసి పోస్ట్‌మ్యాన్ అనుకుని, "పింఛన్ వచ్చిందా బిడ్డా?" అంది. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదని కామారెడ్డి కంటి డాక్టర్ కూడా తేల్చేశాడు.

2014లో పీజీ ముగించి వచ్చాను. "అయిపోయిందవ్వా," అన్నాను.

అవ్వ ముఖంలో నెత్తురు లేదు. "అయిపోవుడేంది? ఎంఫిల్ అని ఇంకోటున్నదంటివి గదా? గది గూడ చేసి రా. నాకేం తొందర లేదు."

అప్పుడు వెలిగింది. ఐదేళ్లుగా అవ్వ నా చదువు చాటున దాక్కుని ఉంది.

బతిమాలి కామారెడ్డి ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆపరేషన్ గది ముందు బెంచీ మీద కూర్చుంది, లేవదే!

"భయమైతుందా?" అని అడిగాను.

"కాదా మరి? కత్తి కంట్లకే వస్తుంటే ఎటు సూడాలె? నువ్వు భయం గురించే గదా సదివినవ్, ఏం జెయ్యాల్నో చెప్పు."

చదివినవన్నీ గుర్తు చేసుకున్నాను. ఊపిరి నిదానంగా పీల్చమనాలి, ఇంకా ఏవేవో చెప్పాలి. అవన్నీ వదిలేసి బెంచీ మీద అవ్వ పక్కన కూర్చున్నాను.

"నాక్కూడా భయంగనే ఉన్నదవ్వా," అన్నాను. అది నిజమే.

అవ్వ నా ముఖాన్ని చేత్తో తడిమింది. లేచి, కొంగు నడుముకు దోపుకుంది.

"ఏం గాదు, నువ్వు గీడనే కూసో. నేను వోయొస్త," అని నాకు ధైర్యం చెప్పి లోపలికి నడిచింది.