కత్తెర పడిన చొక్కా

పుంగనూరులో పలమనేరు రోడ్డు మీద, మా ఇంటి వసారాలో మిషన్ పెట్టుకుని చిరిగిన బట్టలు బాగుచేస్తుంటాను. ముళ్లకంపకు చినిగిన పంచెలు, ఎలుకలు కొరికిన దుప్పట్లు ఎక్కువగా వస్తాయి.

కిందటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఇంటి ముందు అంబులెన్సు ఆగింది. నాకంటే పెద్దావిడ ఒకామె దిగొచ్చి, తడి చొక్కా ఒకటి మిషన్ మీద పెట్టింది. లేతనీలం చొక్కా. ముందువైపు కింది నుంచి మెడదాకా, ఒక చెయ్యి పొడుగునా కత్తెరతో కోసేసి ఉంది. గుండీలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"దీన్ని అతికిస్తావామ్మా? ఇప్పుడే కావాల."

బండిలో ఆమె కొడుకు శవం ఉంది. మదనపల్లెలో ఇళ్లకు గ్రానైట్ పరిచే పని చేసేవాడట. లారీలోంచి దించుతుంటే రాయి అతని మీద పడింది. ఆసుపత్రిలో చొక్కా కోసి చూశారు గానీ ప్రాణం దక్కలేదు. కుప్పం దగ్గర వాళ్ల పల్లెకు తీసుకుపోతున్నారు. మార్చురీ బయట కుళాయి కింద ఆమే చొక్కా ఉతికింది. మరక పూర్తిగా పోలేదు.

"ఎదురుగానే బట్టలంగడి ఉండాది కదక్కా. కొత్తది తీసుకోరాదా?" అన్నాను.

"వాడికి కొత్తగుడ్డ పడదమ్మా. ఒళ్లంతా గీసుకుంటాదని చిన్నప్పుడు ఏడుస్తాండె. నేను రెండు మూడు మార్లు ఉతికి ఇస్తేనే తొడుక్కునేది."

తడిగుడ్డ మీద కుట్టు సరిగా పడదు. ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, కోసిన అంచుల కింద పాత చీర పట్టీ పెట్టి, ముందుకీ వెనక్కీ దగ్గరగా కుట్టుకుంటూ పోయాను. ఆమె నేల మీద కూర్చుని సూదినే చూస్తోంది. ఏడవలేదు. చెయ్యి కుట్టేటప్పుడు మాత్రం, "లోపల ముడి గుచ్చుకోకుండా సూడమ్మా," అంది.

చొక్కా తీసుకుపోయిన కాసేపటికి, బండిలో వచ్చిన ఆమె తమ్ముడు దాన్ని పట్టుకుని తిరిగొచ్చాడు, వెనకే ఆమె.

"చేతులు బిగుసుకపోయినాయమ్మా. చొక్కా ఎక్కలేదు. దాని వీపు కొయ్యాలంటాండాడు డ్రైవరు," అన్నాడు.

కత్తెర తీసుకున్నాను. ఆమె వైపు చూశాను.

"వాళ్లు యాడపడితే ఆడ కోస్తారు. నువ్వే కొయ్యి తల్లీ," అంది.

కాలరు నుంచి అంచుదాకా నడి వీపున కోశాను. బండి దగ్గరికి నేనూ వెళ్లాను. ముఖం చూడకుండా అతని చెయ్యి ఒకటి పట్టుకున్నాను. అంత ఎండలోనూ అది చల్లగా ఉంది. ఆమే నేనూ కలిసి చొక్కా తొడిగి, కోసిన అంచులు వీపు కిందికి దోపాము. ఆమె కాలరు సర్ది, బండెక్కి కొడుకు కాళ్ల దగ్గర కూర్చుంది. బండి వెళ్లిపోయింది.

"పీనుగ గుడ్డ యాల పెట్టినావు మిషన్ మింద?" అంది మా అత్త. నన్ను తలస్నానం చేయమంది. మిషన్ మీద పసుపునీళ్లు చల్లింది. తలారబెట్టుకునేముందు, తుప్పు పట్టకుండా మిషన్ తుడిచి నూనె వేశాను.