నీడలో ఏరిన మిరపకాయలు

మొన్న మా చెల్లెలి మనవరాలు ఖమ్మంలో ఏదో క్లినిక్‌కి వెళ్లి ముఖానికి పీలింగ్ చేయించుకుని, ఉడకబెట్టి పొట్టు తీసిన చిలగడదుంపల్లాంటి బుగ్గలతో నేరుగా మా ఇంటికొచ్చి, వాళ్లిచ్చిన జాగ్రత్తల కాగితం నా చేతిలో పెట్టింది. వారం పాటు ఎండలో తిరగకూడదు, పొయ్యి సెగ తగలకూడదు, సబ్బు రుద్దకూడదు అంటూ చాలానే రాశారు. కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాను కానీ, నేను వెతికిన మాట అందులో లేదు.

మా చిన్నతనంలో, తల్లాడ పక్కన మా ఊళ్లో, పీలింగ్ అంటే అమ్మ అరచెయ్యే. ఆదివారం చర్చికి వెళ్లాలి కాబట్టి శనివారం సాయంత్రం మా ఇద్దరినీ నీళ్ల గాబు దగ్గర కూర్చోబెట్టి, ఒళ్లంతా నువ్వులనూనె పట్టించి, పెసలూ శనగలూ బావంచాలూ పసుపూ కలిపి మరపట్టించిన సున్నిపిండితో రుద్దుతుంటే మట్టి వత్తులు వత్తులుగా రాలేది, దానితో ఒక అరుగు కట్టొచ్చని అమ్మ మమ్మల్ని ఆటపట్టించేది. మోకాళ్ల దాకా వచ్చేసరికి నేను ఏడుపు లంకించుకునేదాన్ని, చెల్లె మాత్రం కళ్లు మూసుకుని పాట పాడుకునేది. అమ్మకొక పట్టుదల ఉండేది. ఆ ఒకట్రెండు రోజుల్లో మిరప చేలో పనుంటే చచ్చినా నలుగు పెట్టేది కాదు. ఎందుకని మేమెప్పుడూ అడగలేదు, అడిగితే వీపు మీద ఇంకో పిడికెడు పిండి పడుతుందని భయం.

అమ్మ పోయిన రెండేళ్లకు నేను ఖమ్మంలో ఒక బ్యూటీ పార్లర్‌లో పని నేర్చుకోవడానికి చేరాను. ఆర్నెల్లు తిరక్కుండానే అన్నీ వచ్చేశాయనుకున్నాను, అమ్మ సున్నిపిండి నాకు మోటు పనిగా కనిపించడం మొదలైంది. చెల్లె అప్పటికి మా చర్చిలో పాటలు పాడేవాళ్లలో ముందు నిలబడేది. ఆ ఏడు ఈస్టరుకి ఒక పాట మొత్తం తనొక్కతే పాడాలి. అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి కదా, మొహం మెరిసిపోవాలని ఆ వారం మొదట్లో పీలింగ్ క్రీమ్ సీసా పట్టుకుని ఊరికొచ్చి, చెల్లెని మంచం మీద పడుకోబెట్టి, పట్నం నుంచి వచ్చిన డాక్టరమ్మలాగా పని కానిచ్చాను. మా పార్లర్ మేడం చెప్పినట్టే, ఎండలోకి పోవద్దని పదిసార్లు చెప్పి బస్సెక్కాను.

అవి మిరపకాయలు కల్లంలో ఆరబోసే రోజులు. చెల్లె ఎండలోకి పోలేదు. కల్లం పక్కన పరదా కట్టి, దాని కింద కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు రెండు రోజులు ఏరింది. చెమట పట్టినప్పుడల్లా ఆ చేత్తోనే మొహం తుడుచుకుంది. శనివారం నేను ఇంటికొచ్చేసరికి కళ్లు కనపడకుండా వాచిపోయిన మొహంతో గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“నువ్వు ఎండలకు పోవద్దన్నవ్ కదా అక్కా, నేను నీడలనే కూసున్న” అంది, తప్పు తనదైనట్టు.

అమ్మ ఎందుకు పట్టుబట్టేదో నాకు ఆ క్షణాన తెలిసింది. మా మేడం దగ్గరికి వచ్చేవాళ్లెవరూ మిరపకాయలు ఏరేవాళ్లు కారు, ఆమెకు ఆ సంగతి తెలియకపోవడంలో వింత లేదు. మిరప చేలో పుట్టిన నాకు తెలియకపోవడమే నేటికీ మింగుడుపడదు. దవాఖానాకు తీసుకెళ్తే వాపు తగ్గింది గానీ రెండు బుగ్గల మీదా నల్లటి మచ్చలు నిలిచిపోయాయి. ఈస్టరు పాట ఇంకెవరో పాడారు. చెల్లె ఆ తర్వాత చర్చిలో చివరి వరసలో కూర్చునేది, ఎవరెంత బతిమాలినా ముందుకు రాలేదు.

నేను మాత్రం ముప్ఫై ఏళ్లు అదే పని చేసుకుని బతికాను. ఎన్ని వందల మంది పెళ్లికూతుళ్ల మొహాలు నా చేతుల్లోంచి వెళ్లాయో లెక్కలేదు. ఊరికి వెళ్లినప్పుడల్లా మచ్చలు పోయే క్రీములేవో పట్టుకెళ్లేదాన్ని, చెల్లె వాటిని తీసుకుని అలమరలో పెట్టి, నా చెయ్యి తన మొహం వైపు రాగానే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. కోపంతో కాదు. కోపమైతే తిట్టించుకుని ఏడ్చి తేలికపడేదాన్ని.

పోయిన చలికాలం చెల్లె పోయింది. పెట్టెలో పెట్టేముందు స్నానం చేయించే పని నేను అడిగి తీసుకున్నాను. ఎవరో ప్యాకెట్టు సున్నిపిండి తేబోతే వద్దని, ఇంట్లో ఉన్న పెసలు మిక్సీలో వేసి, గోరువెచ్చని నీళ్లలో కలిపి, ఆ రెండు మచ్చల మీదా మెల్లగా రాశాను. ఇన్నేళ్లలో మొదటిసారి చెల్లె మొహం తిప్పుకోలేదు.

మొన్న పిల్ల తెచ్చిన ఆ జాగ్రత్తల కాగితం అడుగున కాస్త ఖాళీ ఉంటే, మిరపకాయలు ముట్టుకోకూడదని నేనే పెన్నుతో రాసి ఇచ్చాను. పిల్ల చదివి నవ్వి, ఇప్పుడు మిరపకాయలు ఎవరు ఏరుతున్నారు అమ్మమ్మా అంది. నిజమే, చేను ఎప్పుడో చేతులు మారింది, వంటింట్లోకి కారం కూడా ప్యాకెట్లోనే వస్తోంది. ఆ మాట వినాల్సిన మనిషి ఒక్కతే ఉండేది.