టిక్కుమని విడిపోయే ముక్క

రెండు వేల ఇరవై మూడు, వానలు పట్టకముందు. పోర్ట్ బ్లెయిర్‌లో పడవలు ఒడ్డుకెక్కించి వలలు బాగుచేసుకునే రోజులు. అప్పటికి నేను చాలా ఏళ్లుగా ఇళ్లకి వెళ్లి చూసే నర్సుగా పనిచేస్తున్నాను. ఆసుపత్రి నుంచి కుట్లతోనో ట్యూబుతోనో ఇంటికొచ్చినవాళ్లకి కట్టు మార్చడం, జ్వరం చూడడం, మందులు మింగుతున్నారో దిండు కింద దాస్తున్నారో కనిపెట్టడం, ఇదీ నా డ్యూటీ. మాది ఈ దీవిలోనే చౌల్దారీ అనే ఊరు. స్వాతంత్ర్యం వచ్చాక జనాన్ని ఇక్కడికి తెచ్చి భూములిచ్చిన రోజుల్లో మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు, మళ్లీ వెనక్కి పోలేదు. నేను చదివింది హిందీ మీడియం. తెలుగు రాయడం మా అమ్మ దగ్గర తిట్లు తింటూ నేర్చుకున్నాను, కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. నోరు మాత్రం పెద్దది. ఏ భాషలోనైనా పెద్దదే.

బతు బస్తీలో పోలయ్య మావయ్య ఇల్లు నా రూటులోకి వచ్చింది. ఆయన నాకు చుట్టమేమీ కాదు, మాలో పెద్దవాళ్లని అలాగే పిలుస్తాం. పాత చేపల వేటగాడు. లివర్‌లో చీముగడ్డ లేచి, ఒళ్లు కాలిపోతూ ఆసుపత్రిలో చేరాడు. డాక్టరుగారు స్కాన్‌లో చూస్తూ పక్కటెముకల మధ్య నుంచి సన్నటి ట్యూబు వేశారు. దాన్ని పిగ్‌టెయిల్ అంటాం, లోపలి కొస పందితోకలాగా చుట్టుకుని ఉంటుంది. బయటి కొసకి సంచీ తగిలిస్తారు. చీము కొద్దికొద్దిగా సంచీలోకి దిగుతూ ఉంటే జ్వరం పోతుంది, గడ్డ మూసుకుంటుంది. మావయ్యకి జ్వరం తగ్గగానే ట్యూబుతోనే ఇంటికి పంపారు.

ఆ ట్యూబుకీ సంచీకీ మధ్య నేను అంతకుముందు చూడని ముక్క ఒకటి ఉంది. బ్రేకవే కనెక్టర్. నిద్దట్లో పక్కకి తిరిగినా, సంచీ ఎక్కడైనా తగులుకున్నా, ఆ లాగుడంతా ఒంట్లో ఉన్న ట్యూబు మీద పడుతుంది. కుట్టు తెగి ట్యూబు ఊడి వచ్చిందంటే మళ్లీ గుచ్చాల్సిందే. ఈ ముక్క ఉంటే గట్టిగా లాగినప్పుడు ముందు ఇదే రెండుగా విడిపోతుంది, ట్యూబు కదలదు. విడిపోయిన రెండు కొసల్లోనూ వాల్వులు వెంటనే మూసుకుంటాయి, చుక్క కారదు. విడిపోయినదాన్ని పారేసి కొత్తది వెయ్యాలి. వార్డు సిస్టరు నిలబడే ఇదంతా గబగబా చెప్పి, రెండు కొత్త ముక్కలు నా చేతిలో పెట్టింది. విడిపోయినదాన్ని ఎవరైనా మళ్లీ కలిపితే ఏమవుతుందని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఎవరు మాత్రం కలుపుతారు అనుకున్నాం.

మొదటి రోజే ఇంట్లో అందరినీ నిలబెట్టి చెప్పాను. "ఈ తెల్ల ముక్క ఉంది చూశారా, గట్టిగా లాగితే విడిపోతుంది. మావయ్య మేలు కోసమే. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ముట్టుకున్నారో, నేను ఊరుకోను."

మావయ్య భార్య అప్పలమ్మ అత్త తలూపింది. కోడలు కుమారి "ఠీక్ హై దీదీ" అంది. మావయ్య ఆ ముక్కని చాలాసేపు చూశాడు.

"ఇడిపోయినా కారదా?"

"చుక్క కారదు మావయ్యా."

"బాగుంది," అన్నాడు.

మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది. సంచీలోకి చిక్కగా, గోధుమరంగులో దిగుతోంది. అలా రావడమే మంచిది. ఉన్నట్టుండి ఒకరోజు సంచీ ఖాళీ. మర్నాడూ ఖాళీయే. కుమారి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"దీదీ, బిల్కుల్ బంద్ అయిపోయింది! చీము అంతా పోయింది!"

అత్త గంగమ్మకి మొక్కు తీర్చిందట, నా చేతిలో కొబ్బరిముక్కా బెల్లమూ పెట్టింది. మావయ్య మొహం కూడా వెలిగిపోతోంది, అన్నం తింటున్నాడు, జోకులేస్తున్నాడు. అంత తొందరగా ఎండిపోతుందా అని నాకు అనుమానమే. కానీ అంత సంబరం మధ్య నీళ్లు చల్లడానికి నోరు రాలేదు. ట్యూబు మొదట్లో ఫ్లష్ చెయ్యడానికి చిన్న దారి ఉంటుంది, అక్కణ్ణుంచి కొంచెం సెలైన్ ఎక్కించాను. అడ్డు లేకుండా లోపలికి పోయింది. అంటే ట్యూబు పూడుకుపోలేదు. మంచిదే, నిజంగానే తగ్గిందేమో అనుకున్నాను.

సాయంత్రానికి మావయ్యకి చలి జ్వరం. మర్నాడు మళ్లీ జ్వరం. అక్కడ నా బుర్ర తిరగడం మొదలైంది. ట్యూబు తెరిచే ఉంది, సంచీ ఖాళీ, మనిషికి జ్వరం. మూడూ ఒకచోట ఎలా ఉంటాయి? సంచీ మార్చాను. మంచం కింద నుంచి ట్యూబు ఎక్కడైనా మడత పడిందేమో వేళ్లతో తడిమాను. కనెక్టరు చూశాను, రెండు ముక్కలూ చక్కగా కూర్చునే ఉన్నాయి.

"ఎవరైనా దీన్ని ముట్టుకున్నారా?"

"లేదు దీదీ," అంది కుమారి.

"నానెందుకు ముట్టుకుంతానమ్మా," అంది అత్త.

మావయ్య నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

స్కాన్ తీయించాం. గడ్డ మళ్లీ నిండింది. డాక్టరుగారికీ అర్థం కాలేదు. "ట్యూబు సరైన చోటే ఉంది సిస్టర్. దిగడం లేదేంటి?" అన్నారు. ఆయన నన్ను అడిగితే నేనెవర్ని అడగాలి? గడ్డ లోపల పగిలిందంటే ప్రాణం మీదకి వస్తుంది. ఇంకొక్కసారి చూసి, తగ్గకపోతే ఆపరేషన్‌కి చెన్నై పంపిద్దామన్నారు.

చెన్నై మాట వినగానే మావయ్య మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. ఆయన తమ్ముణ్ణి కూడా ఒకప్పుడు వైద్యానికి మెయిన్‌లాండ్ పంపారట. మనిషి రాలేదు. "నానెల్లను. ఇక్కడే పోతాను గానీ ఎల్లను. నా ఒడ్డు ఇదే," అన్నాడు. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది. నాకైతే ఏడుపొచ్చింది. జబ్బు ముదిరి మనిషి పోతే ఒక బాధ. కళ్లముందు అన్నీ బాగానే కనిపిస్తూ, ఎందుకో తెలియకుండా పోతే ఆ బాధ ఎక్కడ పెట్టుకోవాలి?

నేను రోజూ మధ్యాహ్నం వెళ్లేదాన్ని. రెండో స్కాన్‌కి తీసుకెళ్లాలని ఆ రోజు మాత్రం పొద్దున్నే వెళ్లాను. అరుగు మీద మావయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్లో వల, చేతిలో అల్లే సూది. జ్వరం మొహమే, కానీ చెయ్యి చకచకా ఆడుతోంది. చొక్కా కింద నుంచి వచ్చిన ట్యూబు కొస లుంగీ ముడిలో దోపుకుని ఉంది. సంచీ లేదు!

"మావయ్యా! సంచీ ఏదీ?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. పక్కనే కూర్చున్న కుమారి లేచి నిలబడింది. సంచీ లోపల, మంచం పక్కన మేకుకి వేలాడుతోంది.

"ఎవరు తీశారు?"

"నానే," అన్నాడు మావయ్య. ఇంక దాచి లాభం లేదనుకున్నాడేమో, తీరిగ్గా చెప్పాడు. "వల ఒళ్లో ఎట్టుకుని ఆ చీము సంచీ పక్కనెట్టుకుంటానేటి? వలంటే గంగమ్మ. మైల తగిల్తే ఈ ఏడు మా పడవకి చేప పడతాదా? పొద్దున్నే ఇలా లాగుతాను, టిక్కుమంటాది. చుక్క కారదు. పని అయ్యాక ఏణ్నీళ్లతో కడిగి మళ్లీ నొక్కెత్తాను. బేగి కూసుంటాది. బలే సామాను సేసేరమ్మా! మా బోటోళ్ల కోసమే సేసుంటారు."

అరే భగవాన్! నాకు కోపం, నవ్వు, భయం ఒక్కసారే వచ్చాయి. ముక్క తీసి చూశాను. రెండు భాగాలూ నొక్కితే కూర్చుంటున్నాయి. సిరంజితో గాలి కొడితే అవతలికి పోవడం లేదు. పైకి అతుక్కుంది, లోపల వాల్వులు మూసుకునే ఉన్నాయి. ఆయన మొదటిసారి లాగిన రోజు నుంచే చీముకి దారి లేదు. నేను సెలైన్ ఎక్కించేది ఈ ముక్కకి ఇవతల, ఒంటి వైపు నుంచి. అందుకే అది హాయిగా లోపలికి పోయింది.

"నీకు తెలుసా?" అని కుమారి మీద పడ్డాను.

"తెలుసు దీదీ."

"మరి అడిగితే లేదన్నావు!"

"మీరు కోప్పడతారని. మామ తీసినప్పుడే హుషారుగా ఉంటున్నాడు, అన్నం తింటున్నాడు. చీము కూడా ఆగింది. మంచే కదా అనుకున్నాం."

"నేనేమైనా పులినా?"

అత్త వంటింట్లోంచి అంది, "పులి కాదు గానీ, నీ నోరు సూస్తే మాకు భయమే తల్లీ."

సరే, ఆ ముచ్చట తర్వాత చూద్దామని చేతులు కడుక్కుని కొత్త ముక్క వేశాను. వేసీ వెయ్యగానే సంచీలోకి చీము దిగడం మొదలైంది. ఆగకుండా దిగుతూనే ఉంది. మావయ్య మొహంలో రంగు పోయింది.

"ఇదంతా నాలోనే ఉందా?"

"నీలోనే ఉంది మావయ్యా. ఇన్ని రోజులూ."

కుమారి గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి, కోపంతోనా సంతోషంతోనా నాకే తెలియదు.

"ఇది విడిపోకూడదు మావయ్యా," అన్నాను.

"ఇడిపోతాదని నువ్వే సెప్పేవు గదా. ఇడిపోకూడనిదైతే ఇడిపోయేలా ఎందుకు సేసేరు?"

"అంటే... దానంతటది విడిపోవాలి, మనం విడదీయకూడదు."

"లాగితే ఇడిపోవాలి, లాగకూడదు?"

"అవును. కాదు. తెలియకుండా లాగితే విడిపోవాలి. తెలిసి లాగకూడదు."

మావయ్య కోడలి వైపు తిరిగి, "ఏటంటంది ఈవిడ?" అన్నాడు. కుమారి ఏడుస్తూనే నవ్వేసింది. నిజం చెప్పాలంటే ఏమంటున్నానో నాకే సరిగ్గా తెలియలేదు. దాన్ని చేసినవాడు ఎదురుగా ఉంటే వాణ్ణే అడిగేదాన్ని.

ఇంతా అయ్యాక ఆయన మెల్లిగా అడిగాడు, "మరి వలో?" వలకి మైలేంటి అని చెప్పే నోరు నాకు రాదు, నేనూ ఆ ఇళ్లలో పుట్టినదాన్నే. వల దాటిందని మా అత్తని మా నాయనమ్మ తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. సంచీ తీస్తే మనిషి దక్కడు. తీయకపోతే వల ముట్టడు. ముట్టకపోతే కొడుకు చిరిగిన వలతో సముద్రం మీదకి వెళ్లాలి. ఆ దిగులే ఆయన్ని తినేస్తోంది.

అప్పుడు అప్పలమ్మ అత్త వంటింట్లోంచి బయటికొచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఓలయ్యో, ఇన్ని రోజులూ ఆ చీమంతా కడుపులో ఎట్టుకునే వల ముట్టుకున్నావు గదా? సంచీలో ఉంటే మైలా, కడుపులో ఉంటే కాదా?"

మావయ్య తన కడుపు వైపోసారి, సంచీ వైపోసారి చూశాడు. ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో! అత్త సంచీకి ఉతికిన పాతచీర ముక్క చుట్టి, పసుపునీళ్లు జల్లి, ఆయన ఎడం పక్కన పెట్టింది. "కుడిసేత్తో అల్లుకో," అంది. ఆయన కాసేపు గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, ఇంకా అనుమానం తీరని మొహంతోనే సూది అందుకున్నాడు.

ఆ రోజు స్కాన్‌లోనే గడ్డ కొంత కుదించుకుపోయి కనిపించింది. తర్వాత జ్వరం రాలేదు. చెన్నై మాట ఎవరూ ఎత్తలేదు. డాక్టరుగారికి సంగతి చెప్తే తల పట్టుకుని నవ్వారు. ఇకనుంచి ఆ ముక్క ఎవరికి వేసినా, విడిపోతే మళ్లీ కలపకూడదని ఇంట్లోవాళ్లకి చూపించి మరీ చెప్పమన్నారు.

ట్యూబు తీసేయడానికి కొద్దిగా ముందు మావయ్యే ఫోన్ చేశాడు. "సిస్టరమ్మా, ఇడిపోయింది. కలపనేదు. నువ్వు రా." బస్సు దొరక్క ఆటోలో పరిగెత్తాను. లేవబోతుంటే ట్యూబు మంచం కోడుకి తగులుకుందట. కుట్టు చెక్కు చెదరలేదు, ఒంట్లో ట్యూబు ఉన్నచోటే ఉంది. ఆ ముక్క లేకపోతే అంతా ఊడి వచ్చేదే. అది దేనికి చేశారో నేను కళ్లారా చూసింది ఆ రోజే. అయినా నా నోరు ఊరుకుంటుందా? "నువ్వు లాగలేదుగా మావయ్యా?" అనేశాను.

ఆయన మొహం ముడుచుకుపోయింది. "పిలిస్తే కూడా దొంగనేనా? ఇంకోపాలి పిలవను," అన్నాడు.

ఆ మాట నన్ను గట్టిగా తాకింది. అరుగు మీద వల పరిచి ఉన్న మాట నిజమే. ఆయన లాగాడో, మంచం కోడే లాగిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ రోజు తెలియాల్సింది అది కాదు, విడిపోయి, చీము దిగడం ఆగి ఎంతసేపయింది అన్నది. ఆ తర్వాత ఏ ఇంటికెళ్లినా, ఏ ట్యూబు ఊడినా, ఎవరు లాగారని అడగడం మానేశాను. "ఎప్పుడు విడిపోయింది?" అని మాత్రమే అడుగుతాను. దానికి నాతో ఇంతవరకూ ఎవరూ అబద్ధం చెప్పలేదు.